పిస్టల్ తూటాల రీలోడింగ్: ఛాంబర్‌లో కుదరని తూటా

ఒకసారి పేలిన తూటా ఇత్తడి కేస్‌ను శుభ్రం చేసి, తిరిగి కొలతకు తెచ్చి, అందులో కొత్త ప్రైమర్ (పిన్ దెబ్బకు పేలి పౌడర్‌ను అంటించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ అమర్చి మళ్లీ పేల్చడానికి సిద్ధం చేయడమే రీలోడింగ్. తూటాలో అన్నిటికంటే ఖరీదైన భాగం ఇత్తడి కేసే. పేలుడు తర్వాత కూడా అది చాలావరకు చెడకుండా ఉంటుంది కాబట్టి, తరచుగా గురి సాధన చేసేవాళ్లకు ఈ పని ఖర్చు తగ్గిస్తుంది. అమెరికాలో లక్షలాది ఇళ్లలో గ్యారేజీ బల్ల మీద జరిగే పని ఇది. ఈ పని చేసేవాళ్లను ఎక్కువగా వేధించే చిక్కు ఒకటుంది: తయారైన తూటా చూడ్డానికి చక్కగా ఉంటుంది, పిస్టల్‌లోకి మాత్రం పూర్తిగా వెళ్లదు. పిస్టల్ పైభాగంలో ముందుకూ వెనక్కీ కదిలే స్లైడ్ వెంట్రుకవాసి దూరంలో ఆగిపోతుంది. కొన్నిసార్లు ఇరుక్కుపోయి, వెనక్కి లాగినా రాదు. ఈ వ్యాసం ఆ చిక్కుకు కారణాలను, వాటిని గుర్తించే పద్ధతులను, సరిదిద్దే మార్గాలను వివరిస్తుంది.

నేపథ్యం

లోహపు కేస్ తూటాలు 19వ శతాబ్దం మధ్యలో వాడుకలోకి వచ్చాయి. వాటిని మళ్లీ నింపుకోవడం సులువయ్యింది మాత్రం 1860ల్లో ప్రైమర్ నిర్మాణం మారాకే. బ్రిటిష్ సైన్యాధికారి ఎడ్వర్డ్ బాక్సర్ రూపొందించిన ప్రైమర్ పద్ధతిలో కేస్ అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. అందువల్ల వాడిన ప్రైమర్‌ను లోపలి నుంచి సన్నని పిన్నుతో నెట్టేయవచ్చు. దాదాపు అదే కాలంలో అమెరికన్ హైరమ్ బెర్డాన్ రూపొందించిన పద్ధతిలో పక్కలకు చిన్న రంధ్రాలుంటాయి, కాబట్టి ఆ పని అంత తేలిక కాదు. అమెరికన్ తయారీదారులు చివరికి బ్రిటిష్ వ్యక్తి పద్ధతిలోనే స్థిరపడ్డారు. అక్కడ ఇంటి రీలోడింగ్ వేళ్లూనుకోవడానికి అది పెద్ద ఆధారం. 19వ శతాబ్దం చివర్లో అమెరికా సైన్యం తన దళాలకు .45-70 రైఫిల్ తూటాలను తిరిగి నింపే పనిముట్లను సరఫరా చేసేది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ అభిరుచి విస్తరించింది. 1943లో కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ మొదలుపెట్టిన రీలోడింగ్ పనిముట్ల సంస్థ ఆర్‌సీబీఎస్, 1949లో నెబ్రాస్కాలో జాయిస్ హోర్నడీ స్థాపించిన సంస్థ, 1958లో రిచర్డ్ లీ తెచ్చిన చవకైన చేతి పరికరం దీన్ని సామాన్యుల అందుబాటులోకి తెచ్చాయి. తర్వాత అన్ని దశల్నీ వరసగా చేసే మైక్ డిల్లన్ ప్రోగ్రెసివ్ ప్రెస్‌లు వచ్చాయి. మీట ఒకసారి లాగితే ఒక తూటా పూర్తయి పళ్లెంలో పడుతుంది. వేగం పెరిగింది. దానితోపాటు ఒక డై (కేస్‌ను కొలతకు తెచ్చే ఉక్కు అచ్చు) తప్పుగా బిగిస్తే గంటలో వందల తూటాలు ఒకే లోపంతో తయారయ్యే అవకాశమూ పెరిగింది. ఛాంబర్‌లో కుదరడం గురించి ఇంత శ్రద్ధ అవసరమైంది అందుకే.

తూటా ఛాంబర్‌లో ఎక్కడ ఆగుతుంది

కుదరని తూటాను అర్థం చేసుకోవాలంటే ముందు కుదిరిన తూటా ఎలా నిలుస్తుందో తెలియాలి. ఛాంబర్ అంటే బ్యారెల్ వెనక భాగంలో తూటా కూర్చునే గది. తూటా ముందుకు పోయి ఎక్కడో ఒకచోట ఆగాలి. లేకపోతే ఫైరింగ్ పిన్ కొట్టినప్పుడు అది ఇంకా ముందుకు జారుతుంది, ప్రైమర్ పేలదు. తూటాను ఆపే ఆ చోటు నుంచి స్లైడ్ ముఖం వరకు ఉండే దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు.

రివాల్వర్ తూటాలకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన రిమ్ ఉంటుంది. అది సిలిండర్ వెనక అంచుకు ఆనుతుంది, లెక్క అక్కడితో సరి. ఆటోమేటిక్ పిస్టల్ తూటాలకు అలాంటి రిమ్ ఉంటే మ్యాగజీన్‌లో ఒకదానికొకటి తగులుకుంటాయి. అందుకే జార్జ్ లూగర్ 1902 ప్రాంతంలో రూపొందించిన 9 మి.మీ. తూటా, జాన్ బ్రౌనింగ్ రూపొందించగా 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన .45 ఏసీపీ తూటా మూతి అంచు మీద ఆగుతాయి. ఛాంబర్ చివర ఉన్న సన్నని మెట్టుకు కేస్ మూతి ఆనుతుంది. కేస్ మూతిని ఎలా ముడిచారన్నది ఈ తూటాల్లో ప్రాణాధారమైన సంగతి కావడానికి కారణం ఇదే.

ఈ భేదం ఎంత ముఖ్యమో మొదటి ప్రపంచ యుద్ధ కాలం చూపించింది. .45 పిస్టళ్లు చాలక అమెరికా సైన్యం అవే తూటాలను పేల్చే మోడల్ 1917 రివాల్వర్లను కోల్ట్ నుంచి, స్మిత్ అండ్ వెసన్ నుంచి తెప్పించింది. రిమ్ లేని తూటాలను మూడేసి చొప్పున అర్ధచంద్రాకారపు ఉక్కు క్లిప్‌లో గుచ్చి సిలిండర్‌లో పెట్టేవారు. స్మిత్ అండ్ వెసన్ ఛాంబర్‌లో మెట్టు ఉండటంతో క్లిప్ లేకున్నా తూటా నిలిచేది. తొలి కోల్ట్ రివాల్వర్లలో రంధ్రం ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే వెడల్పున ఉండటంతో క్లిప్ లేని తూటా లోపలికి జారిపోయేది. క్లిప్ అవసరం లేకుండా 1920లో పీటర్స్ సంస్థ ఇదే తూటాకు మందపాటి రిమ్ చేర్చి .45 ఆటో రిమ్ పేరుతో విడుదల చేసింది.

1929లో వచ్చిన .38 సూపర్ దీనికి మరో ఉదాహరణ. దాని కేస్‌కు సన్నని అర్ధ రిమ్ ఉంటుంది. మొదట ఆ అర్ధ రిమ్ మీదే హెడ్‌స్పేస్ నిలిచేట్టు బ్యారెళ్లు తయారు చేశారు. గురి బాగుండదని దశాబ్దాలపాటు ఆ తూటాకు చెడ్డపేరు వచ్చింది. మూతి మీద ఆగేట్టు ఛాంబర్ కోసిన బ్యారెళ్లు వచ్చాక అదే తూటా పోటీ షూటర్లకు ఇష్టమైనదైంది. తూటాలో మార్పేమీ లేదు, అది ఆగే చోటు మారిందంతే.

ప్రామాణిక కొలతలు

అమెరికాలో కొలతలు నిర్ణయించేది సామీ. ప్రభుత్వ కోరిక మేరకు తయారీ సంస్థలు 1926లో ఏర్పాటు చేసుకున్న సంఘం ఇది. ఐరోపాలో ఆ పని 1914లో బెల్జియంలోని లీజ్ ఒప్పందంతో మొదలైన సీఐపీ చేస్తుంది. సామీ చిత్రపటం ప్రకారం 9 మి.మీ. తూటా కేస్ పొడవు 0.754 అంగుళం, అంటే 19.15 మి.మీ.కి మించకూడదు. మూతి దగ్గర వెడల్పు 0.380 అంగుళం, అడుగున 0.391 అంగుళం, మొత్తం తూటా పొడవు గరిష్ఠంగా 1.169 అంగుళం. తలకిందులుగా పెట్టిన స్టీలు గ్లాసులాగా ఈ కేస్ అడుగు నుంచి మూతికి కొద్దిగా సన్నబడుతూ పోతుంది. .45 ఏసీపీ దాదాపు నిటారు గొట్టం. దానికి కేస్ పొడవు 0.898 అంగుళం, మూతి వెడల్పు 0.473 అంగుళం, మొత్తం పొడవు 1.275 అంగుళం.

ఈ అంకెల్ని గరిష్ఠ హద్దులుగానే చూడాలి. చాలామంది కొత్తవాళ్లు 1.169 అంగుళాన్ని లక్ష్యంగా పెట్టుకుని తూటా చేస్తారు. ఆ పొడవులో ఉన్న తూటా ప్రామాణిక మ్యాగజీన్‌లో పడుతుందన్నంత వరకే ఆ అంకెకు హామీ ఉంది. ఒక ప్రత్యేకమైన బుల్లెట్ ఒక ప్రత్యేకమైన బ్యారెల్‌లో ఎంత పొడవుకు సరిపోతుందో చెప్పగలిగేది ఆ బ్యారెల్ ఒక్కటే. ఈ విషయం గట్టిగా గుర్తుంటే, కుదరని తూటాల బాధలో సగం ఉండదు.

బ్యారెల్‌తోనే పరీక్ష

పిస్టల్ ఖాళీగా ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకుని, విప్పి, బ్యారెల్‌ను బయటికి తీయాలి. ఛాంబర్ శుభ్రంగా తుడిచి, బ్యారెల్ మూతిని కిందికి పట్టుకుని తూటాను వదలాలి. అది టక్కున అడుగుకు చేరాలి. వేలితో తిప్పితే అడ్డు లేకుండా తిరగాలి. బ్యారెల్‌ను తలకిందులు చేస్తే తన బరువుతో తానే జారి పడాలి. ఈ మూడూ జరిగితేనే తూటా కుదిరినట్లు. పడింది కదా అని తిప్పి చూడకపోవడం సాధారణంగా జరిగే పొరపాటు. బుల్లెట్ కొస బ్యారెల్ లోపల మెలితిరిగిన రైఫ్లింగ్ గాడులకు తగులుతుంటే తూటా లోపలికి పోయినట్లే కనిపిస్తుంది, తిప్పినప్పుడే పట్టు తెలుస్తుంది. ప్రాథమిక సర్దుబాటంతా ప్రైమర్, పౌడర్ లేని నమూనా తూటాతో చేయడమే సరైన పద్ధతి.

కుదరకపోతే వెంటనే డైలు తిప్పడం మొదలుపెట్టకూడదు. ముందు తగులుతున్న చోటు కనిపెట్టాలి. నమూనా తూటాకు మార్కర్ పెన్‌తో నిలువెల్లా రంగు పూసి, ఆరాక ఛాంబర్‌లో వేసి మెల్లగా తిప్పి తీస్తే, రాసుకున్న చోట రంగు చెరిగి ఇత్తడి మెరుస్తుంది. మూతి దగ్గర చెరిగితే ఒక కారణం, బుల్లెట్ మీద గీతలు పడితే మరొకటి, నడుం దగ్గరైతే ఇంకొకటి, అడుగునైతే వేరొకటి. ఈ పనిలో ఇంతకు మించిన రోగ నిర్ధారణ పరికరం లేదు, పైగా అది చాలా చవక.

మూతి దగ్గర తగిలితే

బుల్లెట్ కూర్చోవడానికి వీలుగా కేస్ మూతిని ముందు కొంచెం గంటలా విప్పుతారు. బుల్లెట్ పెట్టాక ఆ విప్పును తిరిగి మూయాలి. దాన్ని క్రింప్ అంటారు. మూత చాలకపోతే తూటా ఛాంబర్ నోట్లోనే ఆగిపోతుంది. ఎంత ముడవాలో తేల్చడానికి సులభమైన లెక్క ఉంది: బుల్లెట్ వ్యాసానికి ఇత్తడి మందాన్ని రెండుసార్లు కలపాలి. 9 మి.మీ.లో 0.355 అంగుళం బుల్లెట్‌కు, దాదాపు 0.011 అంగుళం మందమున్న ఇత్తడికి 0.377 వస్తుంది. మూతి దగ్గర కాలిపర్‌తో 0.377 నుంచి 0.379 వరకు కనిపిస్తే చాలు. .45లో అది సుమారు 0.470 నుంచి 0.472.

తగిలిన చోటు మూతి కాదని తేలాక కూడా క్రింప్‌ను ఇంకా ఇంకా బిగించడం చాలామందికి అలవాటు. దానివల్ల మూడు నష్టాలున్నాయి. మూతి మరీ లోపలికి ముడుచుకుంటే ఛాంబర్ మెట్టుకు ఆనే అంచు పోయి తూటా లోతుకు జారుతుంది. రాగి పూత ఉన్న మెత్తని బుల్లెట్ మీద కోత పడి గురి చెడుతుంది. ఇక మూడోది వినగానే నమ్మశక్యంగా ఉండదు: ఎక్కువ ముడిస్తే బుల్లెట్ పట్టు తగ్గుతుంది. ఇత్తడికి తిరిగి లేచే గుణం ఉంది, సీసానికి లేదు. నొక్కు వదలగానే ఇత్తడి కొద్దిగా వెనక్కి వస్తుంది, సీసం నలిగినట్లే ఉండిపోతుంది. పిస్టల్ తూటాలో బుల్లెట్‌ను పట్టి ఉంచేది ప్రధానంగా బిగువుగా కొలతకు తెచ్చిన కేస్ గోడ. క్రింప్ పని మూతి విప్పును మూయడం వరకే.

నడుం దగ్గర ఉబ్బు

తూటా నడుమున ఒకవైపే ఉబ్బి కనిపిస్తే బుల్లెట్ వంకరగా దిగిందని అర్థం. మూతి విప్పు చాలకపోయి ఉండవచ్చు, లేదా బుల్లెట్‌ను నెట్టే కడ్డీ ఆకారం బుల్లెట్ ముక్కుకు సరిపడకపోయి ఉండవచ్చు. విప్పును కాస్త పెంచితే చాలాసార్లు సమస్య తీరుతుంది. చుట్టూ సమానంగా ఉబ్బితే బుల్లెటే లావైందన్నమాట. ఇంట్లో పోత పోసిన సీసపు బుల్లెట్లు, పాలిమర్ పూత వేసినవి 0.356 నుంచి 0.358 అంగుళం వరకు ఉంటాయి. ఇరుకైన ఛాంబర్‌లో ఆ కొద్ది తేడా కూడా ఇబ్బందే. బరువైన 147 గ్రెయిన్ బుల్లెట్లలో మరో చిక్కుంది. అవి పొడవుగా ఉండి కేస్‌లో లోతుకు దిగుతాయి. 9 మి.మీ. కేస్ గోడ కింది వైపు మందమవుతూ పోతుంది కాబట్టి బుల్లెట్ అడుగు ఆ మందాన్ని చేరగానే ఇత్తడి బయటికి ఉబ్బుతుంది. అలాంటి బుల్లెట్‌కు కొన్ని బ్రాండ్ల కేసులు సరిపడతాయి, కొన్ని సరిపడవు. కేసుల్ని తయారీ ముద్ర ప్రకారం వేరు చేసుకోవడమే దారి.

పూర్తయిన తూటాను మరోసారి కార్బైడ్ రింగు గుండా నెట్టి నునుపు చేసే లీ సంస్థ ఫ్యాక్టరీ క్రింప్ డైని చాలామంది ఈ జబ్బులన్నిటికీ మందులా వాడతారు. రాగి తొడుగు ఉన్న జాకెట్ బుల్లెట్లకు అది పనికొస్తుంది. సీసపు బుల్లెట్‌ను మాత్రం కేస్ లోపలే నలిపి సన్నబరుస్తుంది. ఆ తర్వాత అది బ్యారెల్‌లో బిగువుగా పోక, సీసం అంటుకుని, గురి పాడవుతుంది. కారణం వెతకకుండా చివర్లో నునుపు చేయడం కంటే, ఆ కారణాన్నే సరిదిద్దడం ఎప్పుడూ మేలు.

అడుగు ఉబ్బు

పేలినప్పుడు కేస్ ఛాంబర్ గోడల దాకా వ్యాకోచిస్తుంది. తూటాను ఛాంబర్‌లోకి జార్చే వాలు, అంటే ఫీడ్ ర్యాంప్ కోసం ఛాంబర్ కింది భాగాన్ని కొంత కోసిన పిస్టళ్లలో ఆ చోట కేస్‌కు ఆధారం ఉండదు, అక్కడ ఇత్తడి ఉబ్బుతుంది. 1990లో వచ్చిన .40 ఎస్ అండ్ డబ్ల్యూ తూటా విషయంలో ఈ ఉబ్బు బాగా ప్రసిద్ధి. సాధారణ సైజింగ్ డై కింద కేస్‌ను పట్టుకునే షెల్‌హోల్డర్ అడ్డుగా ఉంటుంది. కాబట్టి కేస్ అట్టడుగు భాగం డై అంచుకు అందదు. డై షెల్‌హోల్డర్‌ను తాకేలా కిందికి దించి ఉందో లేదో మొదట చూడాలి. అప్పటికీ ఉబ్బు మిగిలితే కేస్‌ను ఈ వైపు నుంచి ఆ వైపుకు పూర్తిగా నెట్టేసే డైలున్నాయి. ఉబ్బు కంటికి స్పష్టంగా కనిపించే కేస్‌ను బాగుచేయకుండా పారేయడమే మంచిది. ఇత్తడి అక్కడ ఒకసారి సాగింది. తర్వాతి పేలుడుకు అదే బలహీన స్థానమవుతుంది.

బుల్లెట్ రైఫ్లింగ్‌ను తాకితే

అన్నిటికంటే జాగ్రత్తగా ఆలోచించాల్సిన కారణం ఇది. ఛాంబర్ మెట్టు దాటాక రైఫ్లింగ్ గాడులు మొదలయ్యే దాకా కొంత ఖాళీ దారి ఉంటుంది. అది పిస్టల్‌కూ పిస్టల్‌కూ మారుతుంది. చెక్ దేశపు సీజడ్ 75 తరహా పిస్టళ్లలో ఆ దారి పొట్టిదని రీలోడర్లందరికీ తెలుసు. బుల్లెట్ ఆకారం కూడా మారుతుంది. గుండ్రని ముక్కున్న బుల్లెట్ త్వరగా సన్నబడుతుంది, చదును ముక్కుదైతే తన పూర్తి లావును చాలా ముందు వరకు మోసుకుపోతుంది. అందుకే ఒకే బరువున్న రెండు బుల్లెట్లు ఒకే పొడవులో పెట్టినా ఒకటి కుదిరి మరొకటి కుదరకపోవచ్చు. రైఫ్లింగ్‌కు ఆనిన బుల్లెట్ పేలుడు మొదట్లో ఒత్తిడిని పెంచుతుంది. పేల్చకుండా వెనక్కి తీయబోతే బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుని, కేస్ ఒక్కటే బయటికొచ్చి, పౌడర్ అంతా పిస్టల్ లోపల ఒలికిపోతుంది.

పరిష్కారం బుల్లెట్‌ను ఇంకొంచెం లోతుకు దించడం. నమూనా తూటాను కావాలనే పొడవుగా చేసి, కొద్దికొద్దిగా దించుతూ ప్రతిసారీ బ్యారెల్‌లో వేసి చూడాలి. స్వేచ్ఛగా తిరిగిన పొడవు దొరికాక దాని నుంచి మరో 0.010 నుంచి 0.015 అంగుళం తగ్గిస్తే, తూటాకూ తూటాకూ వచ్చే సహజ తేడాలకు చోటు మిగులుతుంది.

ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. 9 మి.మీ. కేస్ లోపల చోటు చాలా తక్కువ. బుల్లెట్ లోతుకు దిగిన కొద్దీ పౌడర్ మండే గది కుంచించుకుపోయి ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. బుల్లెట్‌ను కేవలం 0.030 అంగుళం లోతుకు దించితే 9 మి.మీ. తూటా ఒత్తిడి 28,000 కాపర్ యూనిట్ల నుంచి 62,000 యూనిట్లకు పెరిగిందని స్పీర్ సంస్థ తన రీలోడింగ్ పుస్తకంలో నమోదు చేసింది. కాబట్టి కుదిరే పొడవు ప్రచురిత పట్టికలో ఇచ్చిన పొడవు కంటే తక్కువని తేలితే, ఆ పట్టికలోని పౌడర్ కొలతను అలాగే వాడటానికి వీల్లేదు. ఆ పొట్టి పొడవుకే పరీక్షించి ప్రచురించిన సమాచారం వెతకాలి, లేదా బుల్లెట్ ఆకారాన్ని మార్చాలి. పొడవు, పౌడర్ రెండూ ఒకే లెక్కలోని భాగాలు. కుదరడం కోసం ఒకదాన్ని మార్చి రెండోదాన్ని మరచిపోవడం చేతికీ కంటికీ ముప్పు తెస్తుంది.

ప్రైమర్, రివాల్వర్, కలిసిపోయిన కేసులు

ప్రైమర్ కేస్ అడుగు కంటే కాస్త లోపలికే కూర్చోవాలి. ఏమాత్రం పైకి ఉన్నా స్లైడ్ మూసుకోవడం కష్టమవుతుంది, రివాల్వర్‌లో సిలిండర్ తిరగదు. సైనిక తూటాల కేసుల్లో ప్రైమర్ గుంట అంచును లోపలికి నొక్కి ఉంచుతారు. ఆ అంచును సాపు చేయకుండా కొత్త ప్రైమర్ సరిగా దిగదు.

రివాల్వర్ తూటాల్లో క్రింప్ పాత్ర మారుతుంది. ఒక తూటా పేలిన కుదుపుకు సిలిండర్‌లోని మిగతా బుల్లెట్లు ముందుకు జరగకుండా మూతిని బుల్లెట్ మీది గాడిలోకి గుండ్రంగా ముడుస్తారు. అలా ముడవకపోతే జారిన బుల్లెట్ సిలిండర్ ముందుకు పొడుచుకొచ్చి దాన్ని తిరగనివ్వదు. .38 స్పెషల్, .357 మాగ్నమ్ విషయంలో కుదరకపోవడమే రక్షణ. 1935లో మాగ్నమ్ తూటాను విడుదల చేసినప్పుడు దాని కేస్‌ను పాత .38 కంటే దాదాపు 3.4 మి.మీ. పొడవుగా చేశారు. ఎక్కువ ఒత్తిడి తూటా పాత రివాల్వర్లలో పట్టకూడదని వాళ్లు కోరి చేసిన ఏర్పాటది.

రేంజిలో ఏరుకొచ్చిన కేసుల్లో 9 మి.మీ.తో పాటు .380 ఆటో, 9 మి.మీ. మకరోవ్ కేసులు కలిసిపోతుంటాయి. .380 కేస్ పొడవు 0.680 అంగుళమే. మకరోవ్ బుల్లెట్ అసలు వేరే లావుది. ప్రెస్‌కు ఎక్కించే ముందే కేసుల్ని వేరు చేయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

గేజ్‌లు, పోటీలు

ప్రతి తూటానూ బ్యారెల్‌లో వేసి చూడటం శ్రమ కాబట్టి, కనీస ఛాంబర్ కొలతకు కోసిన ఉక్కు లేదా అల్యూమినియం గేజ్‌లు వాడతారు. 1976లో అమెరికాలోని కొలంబియాలో ఏర్పడిన ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య ఐపీఎస్‌సీ తరహా పోటీల్లో ఒక్క ఇరుక్కున్న తూటా విలువైన సెకన్లను మింగేస్తుంది. అందుకే ఆ షూటర్లు వంద రంధ్రాల గేజ్ పలకలో ఒకేసారి వంద తూటాలు నింపి, వేలితో తడిమి, ఎత్తుగా ఉన్నవాటిని ఏరేస్తారు. గేజ్ రైఫ్లింగ్ దూరాన్ని చూపదని మాత్రం గుర్తుంచుకోవాలి. గేజ్‌లో నెగ్గిన తూటా పొట్టి దారి ఉన్న బ్యారెల్‌లో ఓడిపోవచ్చు. బుల్లెట్ మారిన ప్రతిసారీ బ్యారెల్ పరీక్ష తప్పదు.

పరీక్షలో ఓడిన తూటాను పిస్టల్‌లో బలవంతంగా దూర్చి, స్లైడ్‌ను అరచేత్తో కొట్టి మూయకూడదు. పూర్తిగా మూసుకోని స్థితిలో పేలితే ఆధారం లేని చోట కేస్ చీలి వేడి వాయువులు వెనక్కి చిమ్ముతాయి. అలాంటి తూటాను సుత్తి ఆకారపు పుల్లర్‌తోనో, ప్రెస్‌కు బిగించే కోలెట్ పుల్లర్‌తోనో విప్పి, భాగాలను వేరు చేసుకోవాలి.

చట్టం

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికైతే తప్పనిసరి. జర్మనీలో పేలుడు పదార్థాల చట్టం కింద అనుమతి పొందాలి. భారతదేశంలో ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాల తయారీ నేరం. కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంట్లో రీలోడింగ్‌కు పూనుకోకూడదు. పైగా అన్ని తూటాలూ రీలోడింగ్‌కు పనికిరావు. హైదరాబాద్‌కు చెందిన షూటర్ ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్టల్ విభాగంలో వాడేది .22 రిమ్‌ఫైర్ తూటా. దానిలో పేలుడు మిశ్రమం కేస్ అంచు మడత లోపలే ఉంటుంది, పిన్ దెబ్బకు ఆ మడత నలిగిపోతుంది. కాబట్టి ఆ కేస్ రీలోడింగ్‌కు పనికిరాదు.